జెట్‌స్కీని పడుకోబెట్టిన శనివారం

నలభై ఏళ్ళు దాటేదాకా నాకు ఈత రాదు. ఆ సంగతి నా భార్యకు తెలుసు, మా అమ్మాయికి తెలియదు. ఇక్కడ సిడ్నీలో పిల్లలకు చిన్నప్పుడే ఈత నేర్పుతారు. పెద్దవాళ్ళందరికీ అది నడకలాగే వచ్చేస్తుందని వాళ్ళ అభిప్రాయం. నేను దాన్ని సరిదిద్దలేదు. బీచ్‌కి వెళ్ళినప్పుడల్లా మోకాలి లోతులో నిలబడి ఫొటోలు తీసేవాణ్ణి. కెమెరా చేతిలో ఉన్నవాణ్ణి ఎవరూ నీళ్ళలోకి లాగరు.

రెండేళ్ళ క్రితం ఏప్రిల్ సెలవుల్లో ఆఫీసులో ఒకతను తన కయాక్ నాకు ఇచ్చాడు. ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తెడ్లు వేసుకుంటూ పోయే ప్లాస్టిక్ పడవ అది. నా భార్య వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు తనకు డ్యూటీ ఉంది. అప్పటికి పదకొండేళ్ళున్న మా అమ్మాయిని తీసుకుని నేనొక్కడినే హాక్స్‌బరీ నది ఒడ్డుకి వెళ్ళాను. పొద్దున్న నది అద్దంలా ఉంది. ఒడ్డు పక్కనే అటూ ఇటూ తిరిగాం. అమ్మాయి లైఫ్‌జాకెట్ పట్టీలు నేనే బిగించాను. నావి మాత్రం పొట్ట దగ్గర బిగుతుగా ఉన్నాయని వదులు చేసుకున్నాను.

మధ్యాహ్నం అవతలి వైపున్న ఇసుక మేట దాకా వెళదామని అమ్మాయి అడిగింది. సరేనన్నాను. ఆ నదికి సముద్రం దగ్గరని, పోటు తీసే వేళకి నీళ్ళన్నీ అటే పరుగెడతాయని నాకు తెలియదు. సగం దూరం వెళ్ళాక గాలి లేచింది. ఎంత తెడ్డు వేసినా ఇసుక మేట మా పక్కనుంచి జరిగిపోతోందే తప్ప దగ్గరవడం లేదు. ఇంతలో ఒక పెద్ద మోటారు పడవ పోయింది. దాని వెనక లేచిన అల మా కయాక్‌ని పక్కకి పడేసింది.

నీళ్ళలో పడ్డాక నాకు గుర్తున్నది కొంచెమే. వదులుగా ఉన్న జాకెట్ నా చెవుల దాకా వచ్చేసింది. ఒక చేత్తో అమ్మాయి భుజం, ఇంకో చేత్తో బోర్లాపడ్డ కయాక్ అంచు పట్టుకున్నాను. "కాళ్ళు ఆడించు, కాళ్ళు ఆడించు" అని తెలుగులో అరుస్తూనే ఉన్నాను. అప్పుడు వెనక నుంచి జెట్‌స్కీ చప్పుడు వినిపించింది. మామూలు రోజుల్లో ఆ చప్పుడంటే నాకు చిరాకు. నీళ్ళ మీద మోటార్‌సైకిలేసుకుని గోల చేసేవాళ్ళ బండి అని అనుకునేవాణ్ణి.

ఆ బండి మాకు కాస్త ఎడంగా ఉండగానే ఇంజన్ ఆగిపోయింది. నడిపేవాడు దాన్ని వాలుగా మా దగ్గరికి తేలనిచ్చాడు. దానిమీదున్నది డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. నల్లటి మొహం, తెల్లటి గడ్డం. ఏ భాషలో అరుస్తున్నానో కూడా ఎరగకుండా, ముందు పాపని పట్టుకోమని అరిచాను.

"పాపని పట్టుకున్నా. నీ చెయ్యియ్యి," అన్నాడాయన.

ఆ నది మధ్యలో తెలుగు విన్నానన్న ఆశ్చర్యం నాకు ఆ రోజు రాత్రికిగాని కలగలేదు. అమ్మాయిని తన ముందు కూర్చోబెట్టుకున్నాడు. నన్ను పైకి లాగడానికి మాత్రం మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నా బరువు తక్కువేం కాదు. పైగా నేను సాయం చేయకపోగా ఆయన చేతిని కిందకి గుంజుతున్నాను. చివరికి ఎలాగో బండి వెనక భాగం మీద బోర్లా పడ్డాను. ఆయన కయాక్‌కి వేలాడుతున్న తాడుని కత్తితో కోసేసి, పడవని వదిలేసి, చాలా నెమ్మదిగా మమ్మల్ని ఒడ్డుకి చేర్చారు. (ఆ కయాక్ మర్నాడు దిగువన ఎవరికో దొరికి, దాని యజమానికి చేరింది.)

ఒడ్డు మీద మాకు తువ్వాలు ఇచ్చి, ఫ్లాస్కులోని టీ పోశారు. ఏ ఊరని అడిగారు. విజయనగరం దగ్గర అన్నాను. తాను ఫిజీ నుంచి వచ్చానని, అక్కడి గొడవల తర్వాత ఆ దేశం వదిలేశామని, వాళ్ళ తాత ఎప్పుడో మా వైపు నుంచే చెరుకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళాడని చెప్పారు. ఊరి పేరు మాత్రం వాళ్ళింట్లో ఎవరికీ తెలియదట. ఆయన మాట మా నానమ్మ మాటలాగా ఉంది. కారులో అమ్మాయి కూడా అదే అంది, "డాడ్, హీ టాక్స్ లైక్ నానమ్మ" అని. ఆ రోజు అది మాట్లాడిన మాట అదొక్కటే.

రెండు వారాల తర్వాత నా భార్యా నేనూ లడ్డూలు పట్టుకుని పెండిల్ హిల్‌లో వాళ్ళింటికి వెళ్ళాం. మా ఫ్లాటు నుంచి రెండు స్టేషన్ల దూరం. తలుపు తీసిన ఆయన కుడి చెయ్యి మెడకు వేసిన పట్టీలో వేలాడుతోంది. ఏమైందని అడిగితే ఏం లేదన్నారు. లోపల్నించి వచ్చిన ఆయన భార్య, ఆంటీ, మాత్రం దాచలేదు. భుజం లోపల కండరం చిరిగిందని, ఆ రోజు నది నుంచి వచ్చినప్పటి నుంచే అని, తను ఇంగ్లిషులో నా భార్యకు చెప్పింది. నా భార్య నా వైపు చూసింది. ఎవర్ని లాగితే చిరిగిందో అడగాల్సిన పని లేదు.

ఆయన దిగులు భుజం గురించి కాదు. పెరటి వైపు గరాజ్‌లో ట్రైలర్ మీద ఉన్న జెట్‌స్కీ గురించి. మే వచ్చేసింది, ఇక్కడ జూన్ నుంచి చలికాలం, దాన్ని పడుకోబెట్టాలి, ఒంటి చేత్తో అయ్యే పని కాదు అన్నారు. పడుకోబెట్టడమే ఆయన మాట. ఆ రోజు నది నుంచి వచ్చాక ఆంటీ గొట్టంతో పైపైన కడిగిందట. లోపల ఉప్పు అలాగే ఉండిపోయింది. సిడ్నీలో మంచు పడదు, గొట్టాలు గడ్డకట్టవు. కానీ వాడకుండా నాలుగు నెలలు ఉంచితే ఉప్పు లోపల్లోపలే ఇనుమునంతా తినేస్తుంది. నేను వస్తానన్నాను. ఇంజన్ల గురించి ఏం తెలుసని అడిగారు. ఏమీ తెలియదన్నాను. "అయితే మంచిదే," అన్నారు, "చెప్పినట్టు చేస్తావు."

శనివారం పొద్దున్నే వెళ్ళాను. ఆయన గరాజ్ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫిజీలో చిన్న వయసులో పడవ ఇంజన్లు బాగుచేసేవారట, ఇక్కడికి వచ్చాక బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. గోడ మీద ప్రతి స్పానర్‌కీ దాని ఆకారంలో గీసిన గీత ఉంది. ముందుగా బండి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నారు. బండి వెనక కింద పాత చాప పరిచి, టార్చి ఇచ్చి, నన్ను వెల్లకిలా పడుకోమన్నారు.

జెట్‌స్కీకి బయట ఫ్యాను ఉండదు. కిందనున్న ఇనప జాలీ గుండా నీళ్ళు పీల్చుకుని, లోపల తిరిగే రెక్కలతో వెనక్కి చిమ్ముతుంది. ఆ తోపుకే ముందుకు పోతుంది. ఆ జాలీ లోపల ఏముందో చూడమన్నారు. టార్చి వేస్తే, రెక్కల ముందున్న ఇరుసు చుట్టూ నీలం రంగు నైలాన్ తాడు బిగుతుగా చుట్టుకుని కనిపించింది. వేలితో ముట్టుకున్నాను. ఆ రంగు, ఆ లావు నాకు తెలుసు. కయాక్‌ని కారు మీద కట్టడానికి ఆ పొద్దున్న నా చేతులతోనే ముడి వేసి, తర్వాత విప్పకుండా కయాక్‌కే వదిలేసిన తాడు.

బయటికి రాకుండానే అడిగాను, ఇది ఆ రోజుదేనా అని.

"ఆ. మిమ్మల్ని ఎక్కించుకుని స్టార్ట్ చేసినానా, తాడు తినేసింది. కోసినా, కానీ సగం లోపలికి పోయింది."

"మీరు మెల్లగా నడిపింది పాప భయపడుతుందని అనుకున్నాను అంకుల్."

"సగం అది. సగం ఇది. పవర్ లేదు బేటా. ఎదురు పోలేం. అందుకే ఏటవాలుగా పోనిచ్చి దిగువున్న జెట్టీ పట్టుకున్నా. చెప్తే నువ్వు భయపడతావు. భయపడితే నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంటావు. షోల్డర్ అప్పటికే పోయింది."

మేం ఎక్కిన చోటుకి కాకుండా చాలా దిగువన ఎందుకు దిగామో, అక్కడి నుంచి కారు దాకా ఎందుకంత దూరం నడిచామో నాకు అప్పుడు తెలిసింది. ఆ నడకలో ఆయన అమ్మాయితో చేపల గురించి కబుర్లు చెబుతూనే ఉన్నారు. చెయ్యి వేలాడుతున్నా బండిని ట్రైలర్ మీదకి ఎవరి సాయంతో ఎక్కించారో కూడా నేను అడగలేదు. నేను కారు వేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ తాడు తీయడానికి గంటపైనే పట్టింది. కత్తితో ఒక పోగు కోయడం, పట్టకారుతో లాగడం, ఇరుసుని చేత్తో కొంచెం తిప్పడం, మళ్ళీ కోయడం. కళ్ళలో ఇసుక పడుతోంది. వేడికి కరిగి అతుక్కున్న చోట అంగుళం తాడుకి పది నిమిషాలు. ఆయన తొందరపెట్టలేదు. రెక్క అంచు తడిమి చూడమన్నారు, గంటు ఏమైనా పడిందా అని. పడలేదు.

బయటికి వచ్చాక కాళ్ళ మీద నిలబడి థాంక్స్ చెప్పబోయాను. నోట్లోంచి రాలేదు. ఆఫీసులో తలుపు పట్టుకున్నవాడికి, కాఫీ ఇచ్చినవాడికి రోజుకి యాభైసార్లు చెప్పే మాట అది. ధన్యవాదాలు అందామంటే సభలో మైకు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. నా అవస్థ ఆయనకి అర్థమైనట్టుంది. వాళ్ళ ఆజీ, అంటే నానమ్మ, నేర్పిన తెలుగులో ఆ మాటే లేదన్నారు.

"మరి ఏమనేవారు?" అన్నాను.

"ఏటీ అనరు. తాతకి జరం వస్తే పక్క పొలపోడు మా చెరుకు కోసేసీవోడు. తర్వాత తాత పోయి వాడి చెరుకు కోసీవోడు. అంతే. ఇప్పుడు ఆ గొట్టం తే."

నీటి గొట్టం తెచ్చి బండి వెనకనున్న మూతి దగ్గర తగిలించాను. నా ఉత్సాహం కొద్దీ కుళాయి తిప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచి ఎడం చేత్తో కుళాయి కట్టేశారు. కోపం లేదు గాని, మొదటిసారి గొంతు పెంచి చెప్పారు. ముందు ఇంజన్, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజన్. వరస తప్పితే నీళ్ళు ఇంజన్‌లోకే పోతాయి, బండి పని అయిపోతుంది. ఆ రెండు వాక్యాలు నా చేత రెండుసార్లు అనిపించారు. అప్పుడు తాళం ఇచ్చారు. ఇంజన్ మోగింది. కుళాయి తిప్పాను. కాసేపటికి వెనక నుంచి నీళ్ళు పడటం మొదలైంది, మొదట బురదగా, తర్వాత తేటగా. ఆయన ఎడమ అరచేతిలో పట్టి నాలుకకి రాసుకుని, ఉప్పు పోలేదు, ఇంకొంచెం అన్నారు. మళ్ళీ రుచి చూసి తలూపారు. కుళాయి కట్టాను, ఇంజన్ ఆపాను, అదే వరసలో.

తర్వాతి పనులు నెమ్మదిగా సాగాయి. ట్రైలర్ ముందు భాగం ఎత్తు చేసి, వెనక బిరడాలు విప్పి, అడుగున మిగిలిన నీళ్ళన్నీ కార్చాం. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, నిలవ ఉన్నా పాడవకుండా ఒక మందు కలిపాం. ఆయన చెబుతుంటే స్పార్క్ ప్లగ్గులు విప్పి లోపల నూనె కొట్టాను. ఇనుము కనిపించిన ప్రతిచోటా గొర్రె ఉన్ని నుంచి తీసిన జిడ్డు స్ప్రే చేశాను. అది ఇక్కడ ప్రతి గరాజ్‌లో ఉంటుంది. తడిసిన కంబళి వాసన. ఆ వాసన నా చొక్కాకి మూడు ఉతుకుల దాకా పోలేదు. పొగ గొట్టంలో ఇనప పీచు కుక్కడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక చలికాలం అందులో ఎలుక పిల్లలు పెట్టిందని, అక్టోబర్‌లో స్టార్ట్ చేయబోతే ఆంటీ చూసి ఆపిందని చెప్పారు. వాటిని తీసి పెరట్లో పెట్టారట. తర్వాతి ఏడాది నుంచి పీచు.

పదహారేళ్ళుగా నేను కంప్యూటర్ ముందు ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతున్నాను. ఒక వస్తువుని చేతులతో తుడిచి, పూసి, ఇంకో ఋతువు దాకా బతికేలా చేయడం అదే మొదలు. మధ్యలో ఎప్పుడో నాకే తెలియకుండా దాన్ని తడుముతూ పోతున్నాను. మా అమ్మాయి కూర్చున్న చోట సీటు కుట్టు కొంచెం ఊడి ఉంది. అక్కడ ఎక్కువసేపు తుడిచాను.

మధ్యాహ్నం భోజనానికి నా భార్యా అమ్మాయీ కూడా వచ్చారు. ఆంటీ దాల్, రోటీ, టిన్ను చేపల కూర చేసింది. వెనక వరండాలో ఎండలో కూర్చున్నాం. ఆ నది రోజు తర్వాత అమ్మాయి ఈత క్లాసుకి వెళ్ళడం మానేసింది. కడుపునొప్పి అనేది, హోంవర్క్ అనేది. మేం గట్టిగా అడగలేదు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, ఉన్నట్టుండి అంకుల్‌ని అడిగింది.

"వర్ యూ స్కేర్డ్?"

"వెరీ స్కేర్డ్, డార్లింగ్," అన్నారాయన వెంటనే. "మై లెగ్స్ వర్ షేకింగ్."

అమ్మాయి ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. భయపడ్డానని పెద్దవాళ్ళు చెప్పడం దానికి కొత్త. ఆ రెండు వారాలూ నేను ఇంట్లో దానితో, ఏం కాలేదమ్మా, అంతా మన కంట్రోల్‌లోనే ఉంది అని చెబుతూ వచ్చాను. ఇక నాకు దాచబుద్ధి కాలేదు. నాకు ఈత రాదమ్మా, ఎప్పుడూ రాదు, నీకు చెప్పకుండా నిన్ను అంత దూరం తీసుకెళ్ళాను, అన్నాను.

"ఐ నో, డాడ్," అంది. "నన్ను కిక్ కిక్ అన్నావు. యూ వర్‌న్ట్ కికింగ్."

ఆంటీ దాని కంచంలో ఇంకో రోటీ వేసింది. అమ్మాయి దాన్ని చింపుతూ, నేను కూడా క్లాసుకి వస్తే తను మళ్ళీ వెళతానంది. అడల్ట్స్‌కి కూడా ఉంటుంది, సేమ్ పూల్, సేమ్ టైమ్ అంది. అంటే అది అప్పటికే కనుక్కుని పెట్టుకుంది.

తిన్నాక బ్యాటరీ విప్పి, గరాజ్ బల్ల మీద చిన్న చార్జరుకి తగిలించాం. లోపలికి గాలి ఆడటానికి సీటు కింద చెక్క ముక్క పెట్టి, గుడ్డ కప్పి, తాళ్ళు బిగించాను. టైర్ల మీద బరువు పడకుండా ట్రైలర్ కింద దుంగలు పెట్టాం. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. ఒక ముడి నచ్చక మళ్ళీ వేయించారు.

వెళ్ళబోతుంటే ఆంటీ నన్ను గేటు దగ్గర ఆపింది. ఆమెకి తెలుగు కొద్దిగానే వచ్చు, ఇంగ్లిషులోనే చెప్పింది. ఆ ఏప్రిల్‌లోనే జెట్‌స్కీని అమ్మేయాలని తనే పట్టుబట్టిందట. ఈ వయసులో ఒంటరిగా నీళ్ళ మీద ఏమిటని రోజూ గొడవ. ఆయన చివరికి ఒప్పుకున్నారు. ఆ రోజు ఆఖరిసారి ఒక చుట్టు తిరిగి వస్తానని వెళ్ళారు. ఫోన్‌లో ప్రకటన కూడా రాసి పెట్టుకున్నారట, సాయంత్రం పెడదామని.

"ఆయన తడిసి ఇంటికొచ్చి, ఒక చిన్నపిల్లని నీళ్ళలోంచి తీశానని చెప్పాడు," అంది. "ఇంక నేను అమ్మమని ఎలా అంటాను? ఆయన ఆ బండి లేకుండా ఎలా ఉండేవాడో నాకు తెలుసు. మీరు నీళ్ళలో పడ్డందుకు నాకు బాధే. కానీ మీరు వచ్చినందుకు సంతోషంగా ఉంది."

రెండు చేతులూ జోడించాను. ఉన్ని జిడ్డుతో అవి అతుక్కున్నాయి. ఆమె నవ్వి, నా చేతిలో రోటీల పొట్లం పెట్టింది.

ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం నేను చిన్నపిల్లల పక్క వరసలో గోడ పట్టుకుని కాళ్ళు ఆడించాను. పూల్ అవతలి అంచు నుంచి అమ్మాయి చూసి తల పట్టుకునేది. ఆగస్టుకి ఒక చివర నుంచి ఇంకో చివరికి ఆగకుండా వెళ్ళగలిగాను. వేగం లేదు, అందం లేదు, కానీ మునగను. అక్టోబర్‌లో గుడ్డ తీసి, బ్యాటరీ పెట్టి, పీచు లాగి, స్టార్ట్ చేస్తే రెండో నొక్కుకి ఇంజన్ అందుకుంది. ఆయన ఎడం చేత్తో నా వీపు మీద ఒకటి చరిచారు.

ఆయన భుజం పూర్తిగా బాగవలేదు. చెయ్యి చెవి దాకా లేస్తుంది, తల పైకి లేవదు. ఇప్పుడు దూరం వెళ్ళరు, ఒడ్డు కనిపించేలా నెమ్మదిగా తిరిగి వస్తారు. తర్వాత కొనుక్కున్న నా కయాక్‌లో నేను దగ్గరగా వెళుతుంటాను, జాకెట్ బిగించుకుని.

ఈ ఏడాది మేలో పిలవకుండానే వెళ్ళాను. ఆయన గరాజ్ తలుపు తీసి, తాళం నా చేతిలో పెట్టి, కుర్చీ వేసుకోకుండా నిలబడ్డారు. ఏమైందన్నాను. వరస నీకు తెలుసు, తిన్నాక నిద్ర వస్తోంది బేటా అన్నారు. లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని పడుకున్నారు. నేను ఇంజన్ స్టార్ట్ చేసి కుళాయి తిప్పాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఆగి, అరచేతిలో పట్టి నాలుకకి రాసుకున్నాను. ఇంకొంచెం ఉప్పుంది. ఆగాను.